ఆవ్ అన్న పిట్ట

మా పక్క క్వార్టర్ పిల్ల మొన్న ఒక అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. పెట్టెకు పెన్నుతో పొడిచిన రంధ్రాలున్నాయి. లోపల ఆకుపచ్చ పిట్ట ఒకటి మూలకు ఒదిగి, ఈకలన్నీ ఒంటికి అతికించుకుని కూర్చుంది.

"ఆంటీ, గిది బడ్జీ. పట్టుకుందామంటే కరుస్తాంది" అంది పిల్ల, మూత తీసి మళ్ళీ లోపలికి చెయ్యి పెడుతూ.

వెనకే వాళ్ళమ్మ వచ్చింది. "వాళ్ల నాయిన ఒక్కదాన్నే పట్టుకొచ్చిండక్కా. జోడి లేకుంటే బతకదంటరు గదా? ఇంకోటి తెమ్మందునా, దీన్నే వాపస్ ఇయ్యమందునా?"

"ముందుగాల పెట్టెలకెల్లి చెయ్యి తియ్యమను" అన్నాను.

మాది భూపాలపల్లి. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్క కాలనీ. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడుతుంది. ఇక్కడ ఇన్నేళ్ళు ఉన్నాక నా ముక్కుకు బొగ్గు తప్ప వేరే వాసన పట్టదనుకున్నాను. కానీ ఆ పెట్టె మూత తీయగానే గింజల పొట్టు వాసన, ఈకల దుమ్ము వాసన వచ్చాయి. వాటి వెంట ఎక్కడి నుంచో మిరపకాయల ఘాటు కూడా వచ్చింది. అది పెట్టెలోంచి వచ్చింది కాదు. నా చిన్నతనంలోంచి వచ్చింది.

మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గాని, మేమెప్పుడూ మానుకోట అనే అన్నాం. మా తండా గూడూరు అవతల, అడవి అంచున ఉండేది. చెలకలో నీళ్ళు లేక, బాపు మానుకోట మిర్చి మార్కెట్లో హమాలీ పనికి వచ్చాడు. యాడి అదే మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసే పనికి కుదిరింది. యాడి అంటే మా భాషలో అమ్మ, బాపు అంటే నాన్న. మేం లంబాడీలం. మా ఇంటివాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని, అవి తెలుగులో పలికినవి కావు.

మిర్చి కాలంలో ఊరు ఊరంతా తుమ్మేది. స్టేషన్లో బండి ఆగితే కిటికీల దగ్గరున్నవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. యాడి ఇంటికి రాగానే చేతులు రెండూ పల్చటి మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. వేళ్ళ మంట కొంచెం తగ్గాక జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చేతితో కొట్టిన రొట్టెలో కూడా సన్నటి కారం ఉండేది. నేను అదే రొట్టె రుచి అనుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత, అది యాడి చేతుల కారమని తెలిసింది.

మేముండే గది ఒక పెద్దింటి వెనక భాగంలో ఉండేది. ఒకప్పుడు అందులో ఎడ్లను కట్టేసేవారట. వానాకాలంలో గోడలు పేడ వాసన వేసేవి. ఇంటి ఓనరమ్మ మమ్మల్ని కిరాయికి దించుకున్న రోజే షరతు పెట్టింది.

"మీ కూతలు నా వాకిట్ల ఇనబడొద్దు. మా ఇంటికి పెద్ద పెద్దోళ్లు వస్తరు. మాట్లాడితే తెలుగుల మాట్లాడుర్రి, లేకుంటే సప్పుడు జేయకుండ ఉండుర్రి."

బాపు తలూపాడు. ఆ రోజు నుంచి వాకిట్లో తెలుగు, తలుపు వేసుకున్నాక మా మాట. తండాలో కేకలేసి మాట్లాడుకునే యాడి, బావి దగ్గర నన్ను పిలవాలంటే గాజులు గలగల ఆడించేది. తండా బట్టలు కూడా తీసి ట్రంకులో పెట్టి చీర కట్టడం మొదలుపెట్టింది.

బడిలోనూ అదే కథ. ఐదో తరగతిలో తండా పిల్లను నేనొక్కదాన్నే. ఒక రోజు పక్క పిల్లకు జాగా చూపించి, నోరు జారి "బేస్" అన్నాను. కూర్చో అని. క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ నన్ను బెంచీ ఎక్కమంది. "నీ తండా భాష తండాల్నే పెట్టి రా" అంది. తర్వాత ఎప్పుడు నోరు జారినా బెంచీయే. నేను ఎక్కేదాన్ని. కానీ తల వంచేదాన్ని కాదు. బెంచీ మీద నుంచి చూస్తే బడి గోడ అవతల పట్టాలు కనబడేవి. కింద కూర్చున్నవాళ్ళకు రైళ్ళ చప్పుడే వినబడేది, నాకు రైళ్ళే కనబడేవి. అయితే క్రమంగా మాట్లాడటమే మానేశాను. ఇంట్లో తలుపు వేసుకున్నా నోరు రాకపోయేది. యాడి దిష్టి అనుకుని ఉప్పు తిప్పేసింది.

అప్పుడే ఆ పిట్ట నా చేతికి వచ్చింది.

ఓనరమ్మ కొడుకు పట్నం నుంచి ఒక పంజరం, అందులో రెండు రంగు పిట్టలు తెచ్చి ఆమె వసారాలో వేలాడదీశాడు. ఇప్పుడు బడ్జీలనే వాటిని అప్పుడు లవ్ బర్డ్స్ అనేవారు. ఒకటి తెల్లది, ఒకటి నీలం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె వాటిని చూపించేది. ఒక పొద్దున చూస్తే పంజరం కిందపడి ఉంది. పిల్లి తెల్లదాన్ని ఎత్తుకుపోయింది. నీలం పిట్ట పంజరం అడుగున, నీళ్ళ గిన్నె వెనక దాక్కుని ఉంది. ఆ రోజు నుంచి అది ఎవరు దగ్గరికొచ్చినా తీగలకేసి కొట్టుకునేది. గింజలు వేయబోయిన ఓనరమ్మ వేలిని కొరికింది.

"జోడి ఇడిసిన పిట్ట ఇంట్ల ఉండొద్దు. ఎక్కడన్న ఇడిసిపెట్టి రావే" అని ఆమె పనిమనిషికి చెబుతుంటే నేను వాకిట్లో అంట్లు తోముతున్నాను.

బయట వదిలితే దాన్ని కాకులే చంపుతాయని నాకు తెలుసు. లేచి వసారా కింద నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకే వినిపించింది.

"నాకియ్యి అమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. "తీస్కపో. సస్తే మల్ల నా ముంగటికి తేకు."

సచ్చిపోనియ్యను అని మనసులో అనుకున్నాను. ఆమె మీద కోపంతోనే ఆ పిట్టను పెంచాలనుకున్నాను. ప్రేమ తర్వాత వచ్చింది.

మొదట నేను చేసినవన్నీ తప్పు పనులే. పంజరంలో చెయ్యి పెట్టి పట్టుకోబోయాను. అది కీచుమని అరిచి, నా చూపుడువేలి చర్మం లేపింది. పంజరాన్ని గది నడుమ నేల మీద పెట్టాను. అందరం దాని చుట్టూ, దాని పైనుంచి తిరుగుతుంటే అది వణికిపోయేది. యాడి చూసి చూసి, "నిన్ను గూడ ఎవరన్న పైకెల్లి చెయ్యి ఏసి గుంజితే మంచిగుంటదా?" అంది. గోడకు మేకు కొట్టి, నా కళ్ళ ఎత్తులో వేలాడదీసింది. వెనక భాగానికి, ఒక పక్కకు గోనెపట్టా కప్పింది. పిల్లి ఏ దిక్కు నుంచీ రాలేదని పిట్టకు తెలియాలి కదా.

మార్కెట్ నుంచి యాడి రాగానే పిట్ట తుమ్మేది. అంత చిన్న పిట్ట తుమ్మడం చూస్తే నవ్వొచ్చేది గాని, తుమ్మి తుమ్మి అది నీరసంగా కళ్ళు మూసుకునేది. రెండుసార్లు చూసింది యాడి. ఆ తర్వాత ఎంత అలసి వచ్చినా ముందు బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, చీర దులిపి, తడి కొంగు చుట్టుకునే గదిలోకి వచ్చేది. మా కోసం ఎన్నడూ అలా చేయలేదని బాపు నవ్వేవాడు.

నేను బడి నుంచి వచ్చి పంజరం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. దాని వైపు చూడకుండా పాఠం చదువుకునేదాన్ని. పాఠం అయిపోయాక మా మాటలో కబుర్లు చెప్పేదాన్ని. బెంచీ మీది నుంచి ఏ రైలు చూశానో, టీచరమ్మ ముక్కు ఎలా ఎగరేసిందో అన్నీ. తలుపు వేసి ఉండేది. దానికి నా భాష రాదు కాబట్టి నవ్వదు. తెలుగూ రాదు. అందుకని నాకు ధైర్యం. "ఆవ్, ఆవ్" అని మెల్లగా పిలిచేదాన్ని. రా రా అని.

ఓనరమ్మ పెరట్లో కొత్తిమీర మడి ఉండేది. ఆమె మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు రెండు రెమ్మలు గిల్లి రవికలో దాచుకుని తెచ్చేదాన్ని. ఆ దొంగతనానికి నేను ఇప్పటికీ బాధపడటం లేదు. కొత్తిమీర తీగల సందులోంచి పెడితే, పిట్ట ముందు ఒక కన్నుతో చూసేది. తర్వాత ఆ పక్కకు తిరిగి ఇంకో కన్నుతో చూసేది. నేను కదలకుండా ఉంటే చివరన ఒక్క ఆకు లాగి పారిపోయేది. అలా రోజురోజుకూ రెమ్మ చిన్నది చేసుకుంటూ వచ్చాను. చివరికి నా వేళ్ళ దగ్గరే తినక తప్పలేదు దానికి. అయితే పంజరం తలుపు తీసినా బయటికి మాత్రం రాలేదు.

అది బయటికి వచ్చింది మా దాది కోసం. దాది అంటే బాపును కన్నతల్లి. కంటి దవాఖానకని తండా నుంచి వచ్చింది. యాడి లాగా ఆమె బట్టలు మార్చలేదు. అద్దాలు కుట్టిన ఎర్రటి లంగా, అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్ల గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి. బస్టాండు నుంచి మా గది దాకా ఆమె నడిచొస్తుంటే పోరగాళ్ళు వెంటపడి నవ్వారట. దాది ఆగి, వాళ్ళవైపు తిరిగి, గాజుల చేతులు రెండూ పైకెత్తి ఇంకా గట్టిగా మోగించిందట. "సూడుర్రి, కండ్లార సూడుర్రి. మీ అవ్వలకు గిన్ని అద్దాలున్నయా?" అని అడిగిందట. ఆ సంగతి దాదే చెప్పి దాదే నవ్వింది.

మరుసటి రోజు ఆమె గుమ్మం వెలుగులో కూర్చుని జొన్న గుగ్గిళ్ళు తింటోంది. పంజరం తలుపు తీసే ఉంది. ఎండ ఆమె రవిక అద్దాల మీద పడి, గది గోడల నిండా వెలుగు చుక్కలు కదులుతున్నాయి. పిట్ట ఆ చుక్కలను చూసింది. తర్వాత అద్దాలను చూసింది. తలుపు అంచు మీదికి వచ్చి నిలబడింది. రెక్కలు విప్పి మళ్ళీ మూసుకుంది. ఒక్కసారిగా ఎగిరి వచ్చి దాది భుజం మీద వాలింది.

దాది నోట్లో గుగ్గిళ్ళు అలాగే ఉన్నాయి. నమలలేదు. పిట్ట గోళ్ళతో రవికను పట్టుకుని పక్కకు నడిచి, ఒక అద్దం ముందు ఆగింది. అందులో ఒక నీలం పిట్ట ఉంది. దానికి ముక్కు ఆనించి, గొంతు ఉబ్బించి, మేం ఎప్పుడూ వినని పలుకులు పలికింది. ఒక పలుకు పలికి ఆగేది. జవాబు కోసం చూసేది. మళ్ళీ పలికేది.

"ఏమంటాందే?" అంది దాది పెదవులు కదపకుండా.

"తెల్వది దాది."

"పాపం, అద్దంల దాన్ని సుట్టమనుకుంటాంది" అంది దాది. ఆమె కళ్ళు తడిశాయి. కంటి మందు వేసుకున్నందుకేమో అనుకున్నాను.

దాది ఉన్నన్నాళ్ళూ పిట్ట ఆమె మీదే ఉండేది. ఆమె వెళ్ళేటప్పుడు లంగా అంచు నుంచి ఒక అద్దం ఊడదీసి పంజరానికి కట్టి వెళ్ళింది. అప్పటికి అది నా వేలు మీద కూడా ఎక్కేది. నా జడ రిబ్బన్ కొరికేది. నేను రాస్తుంటే పెన్సిల్ మీద కూర్చునేది. బెదిరిన పిట్టను చూసిన యాడి, "గిది అదేనా?" అని ఆశ్చర్యపోయేది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఎవరో "ఆవ్" అన్నారు. గొంతు గీరుకుపోయినట్టు, చాలా చిన్నగా. యాడి ఇంకా రాలేదు. తలుపు తోశాను. పిట్ట తల పక్కకు వంచి నన్నే చూస్తోంది. "ఆవ్. ఆవ్. బేస్" అంది.

బెంచీ ఎక్కించిన మాట అది. నా పిట్ట ఆ మాట అంది. నేను చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను. అది కూర్చోమంది కాబట్టి.

సంతోషం నాలుగు గోడల మధ్య ఆగుతుందా? పిట్ట గొంతు పెరిగింది. వాకిట్లోకి వినబడింది. ఓనరమ్మ ఇంటికి చుట్టాలొచ్చిన రోజున వసారాలో చాయ తాగుతున్న వాళ్ళందరికీ "ఆవ్, ఆవ్, బేస్" అని వినబడింది. చుట్టాల్లో ఒకామె మా గదిలోకి వచ్చి చూసి, "అబ్బ, ఎంత మంచిగ మాట్లాడుతాంది! గిది మీ పిట్టేనటగా?" అని ఓనరమ్మను అడిగింది. ఓనరమ్మ మొహం ఎర్రబడింది. పిట్ట తనదని ఒప్పుకుంటే, తన పిట్ట తండా మాట నేర్చినట్టు. కాదంటే పిట్ట మాదైపోతుంది.

చుట్టాలు వెళ్ళాక ఆమె నన్ను పిలిచింది. ఎన్నడూ లేనిది, అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది.

"బిడ్డా, పిట్ట నాకియ్యి. నేను జనగామకెల్లి దానికి జోడి తెప్పిస్త. ఒక్కతే ఉంటే అది కుమిలి కుమిలి సస్తది. నువ్వు తేగలుగుతవా జోడి? దాని పాపం నీకెందుకు?"

బెల్లం తినలేదు. కానీ మాట మనసులో పడింది. పిట్ట దాది ఇచ్చిన అద్దం ముందు కూర్చుని పలకడం, ఆగడం, జవాబు లేక మళ్ళీ పలకడం రోజూ చూసేదాన్ని. అది నాతో ఎంత ఆడినా, చీకటిపడే ముందు ఆ అద్దం దగ్గరికే పోయేది. నేనే పంజరం తీసుకుని వసారా మెట్లెక్కాను. యాడికి చెప్పలేదు.

ఓనరమ్మ పంజరం అందుకుని మళ్ళీ పాత కొక్కేనికి తగిలించింది. అద్దం తెంపి కింద పారేసింది. పిట్ట కొత్త చోటుకు బెదిరి, నన్ను చూసి "ఆవ్" అంది.

ఆమె గరిటె తీసుకుని పంజరం తీగల మీద గట్టిగా కొట్టింది. "రామా అను" అంది.

పిట్ట తీగలకేసి కొట్టుకుని అడుగున పడింది. లేచి మళ్ళీ "ఆవ్" అంది. గరిటె మళ్ళీ పడింది. "ముందుగాల గా మాట మర్వాలె. మర్సినంకనే జోడి" అంది నాతో, పాఠం చెప్పినంత మామూలుగా.

నేను స్టూలు ఎక్కాను. కొక్కెం నుంచి పంజరం తీసుకున్నాను. ఆమె నా జబ్బ పట్టుకుంది. నేను గింజుకుని వాకిట్లోకి దూకి, గొంతు చించుకుని అరిచాను. మా మాటలో. ఆ వాకిట్లో అన్ని నెలలుగా ఎవరూ అనని మాటలన్నీ అన్నాను. ఇయ్యను, ఇది నాది, ఇది మర్చిపోదు, నేనూ మర్చిపోను అని.

అప్పుడే యాడి మార్కెట్ నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది.

"ఇన్నవా నీ బిడ్డ కూతలు?" అంది ఓనరమ్మ. "పిట్టనన్న ఇయ్యి, గదినన్న ఖాళీ చెయ్యి."

బాపు కూడా వచ్చాడు. సంగతి తెలిసి మెత్తబడ్డాడు. "పిట్ట కోసం ఇల్లు ఇడుస్తమా? ఈ ఊర్ల మనకు ఇంకెవరిస్తరు?" అన్నాడు గొంతు తగ్గించి.

యాడి గొంతు తగ్గించలేదు. ఓనరమ్మ వైపు చూస్తూనే, మా మాటలో, వీధిలోకి వినబడేలా అంది. "పిట్ట కోసం కాదు. నా ఇంట్ల నా బిడ్డను నేను గాజులు మోగించి పిలువాల్నా? సామాను కట్టు."

ఆ మాట ఓనరమ్మకు అర్థం కాలేదు. అర్థం కావలసినదంతా యాడి మొహంలో ఉంది. ఓనరమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

రైలు గేటు అవతల రేకుల గది దొరికింది. ఎండాకాలం లోపల కూర్చుంటే పెనం మీద ఉన్నట్టే. బోరింగు దూరం. ఆ గది గురించి చెప్పుకోదగిన సుఖం ఒక్కటి కూడా లేదు. కానీ మొదటి రోజే యాడి బయట నిలబడి, బోరింగు దగ్గరున్న నన్ను పేరు పెట్టి పిలిచింది. మా మాటలో, తండాలో పిలిచినంత గట్టిగా. నీళ్ళు పట్టే ఆడవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అన్నట్టు ఇంకోసారి పిలిచింది. దాది తండా నుంచి కొత్త అద్దం పంపింది.

కొత్త గది సంబురంలో నేను పిట్ట ఒంటరితనం మర్చిపోయాను. నిజానికి మర్చిపోవాలనుకున్నాను. జోడి వస్తే పిట్టలు మనిషి మాట మానేస్తాయని ఎవరో చెప్పారు. చుట్టుపక్కల గదుల వాళ్ళంతా దాని మాట వినడానికి వచ్చేవారు. "ఆవ్ అను, ఆవ్ అను" అని బతిమాలేవారు. మా మాటను మనుషులు బతిమాలి వినడం నేను ఎప్పుడు చూశాను? ఆ గర్వం వదులుకోబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే మా తరగతిలోకి బయ్యారం వైపు తండా నుంచి ఒక పిల్ల వచ్చింది. టీచరమ్మ ఆమెను నా పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల కాసేపు బిక్కచూపులు చూసి, నా చెవిలో మా మాటలో అడిగింది, "ఒంటికి పోవాలంటే ఎవర్నడగాలె?" అని. అంతే. అంత మామూలు మాట. ఆ రోజు బడి విడిచేదాకా మాట్లాడుతూనే ఉన్నాం. బెల్లు కొట్టింది వినలేదు. టీచరమ్మ పిలిచింది వినలేదు. ఇద్దర్నీ బెంచీ ఎక్కించింది. ఎక్కి నిలబడి, అక్కడ కూడా మాట్లాడుకున్నాం. నేను ఆమెకు రైళ్ళు చూపించాను. టీచరమ్మ బెత్తం బల్ల మీద కొడుతూనే ఉంది. కాసేపటికి ఆమెకే చెయ్యి నొప్పి పుట్టి మానుకుంది.

ఇంటికొచ్చేసరికి పిట్ట అద్దం ముందు ఉంది. పలికింది. ఆగింది. మళ్ళీ పలికింది.

"బాపు, ఇంకో పిట్ట తేవాలె" అన్నాను.

"మరి అది మాట మానేస్తదంటివి గదా?"

"మానేయనీ."

జనగామకు పొద్దుటి ప్యాసింజర్‌లో వెళ్ళాం. కేసముద్రం, నెక్కొండ దాటాం. యాడి కట్టిచ్చిన రొట్టె, చింతకాయ తొక్కు తిన్నాక బాపు, "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. జనగామ స్టేషన్ దగ్గరి సందులో పిట్టలమ్మే ముసలాయన ఉండేవాడు. చిన్న దుకాణం. గోడల నిండా పంజరాలు. ఒక్కసారిగా అన్ని పిట్టలు మాట్లాడుతుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. మా పిట్ట అద్దంతో మాట్లాడిన పలుకులు అవే. ఇక్కడ వాటికి జవాబులున్నాయి.

"ఆడది కావాల్నా, మగది కావాల్నా బేటా?" అన్నాడాయన.

"మాట్లాడుకునేది కావాలె తాతా."

ఆయన నవ్వి, మా పిట్ట ముక్కు పైన ఏ రంగు ఉందో అడిగాడు. నీలం అన్నాను. "మగది. మాటలు మంచిగ చెప్తది. ఇంకోటి వస్తే నీ తోని మాట్లాడుడు బంద్ చేస్తది. జర సోంచాయించు. తర్వాత పరేషాన్ కావద్దు."

"నా తోని మాట్లాడకున్నా మంచిదే" అన్నాను.

పంజరాల అడుగు వరుసలో ఒక పసుపుపచ్చ పిట్ట ఉంది. ఒక కాలి వేలు వంకర. తోక ఈకలు మిగతావి పీకేశాయి. చెయ్యి దగ్గరికి వెళితే గోడకు అతుక్కుపోతోంది. ఎవరూ కొనరని ఆయనే చెప్పాడు. "గిది గూడ మగదే. జోడి కాదు మల్ల, దోస్తు."

"దోస్తే కావాలె" అన్నాను.

ఆయన చెప్పినట్టే మొదట రెండిటినీ వేరు వేరుగా, పక్కపక్కన పెట్టాను. పసుపుది బెదిరి మూలకు పోయి కూర్చుంది. నీలంది తీగలు పట్టుకుని దాని వైపు పాకింది. ఒక పలుకు పలికింది. ఆగింది.

మూల నుంచి, వణుకుతూనే, పసుపుది జవాబిచ్చింది.

నీలం పిట్ట కాసేపు కదల్లేదు. తర్వాత ఎంత మాట్లాడిందంటే, పక్క గది వాళ్ళు గోడ కొట్టారు. కొన్నాళ్ళకు రెండిటినీ ఒకే పంజరంలో వేశాను. అవి ఒకదాని మెడ ఒకటి దువ్వుకునేవి. నీలంది నా భుజం మీదికి వచ్చేది, నా పెన్సిల్ మీద కూర్చునేది. దాన్ని చూసి పసుపుది కూడా మెల్లగా నా వేలు ఎక్కడం నేర్చుకుంది. కానీ "ఆవ్" అనడం తగ్గి తగ్గి, ఒక రోజు పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ ఎన్నడూ అనలేదు. వినడానికి వచ్చేవాళ్ళు నిరాశపడి, మంచిగ మాట్లాడేదాన్ని పాడు చేసుకున్నావని నన్ను తిట్టారు. నేను పట్టించుకోలేదు. అద్దం తీసి యాడి రవికకు కుట్టించాను. ట్రంకులో పెట్టిన రవికకు.

అవి చాలా కాలం బతికాయి, ముసలితనంతోనే పోయాయి. దాది పోయింది. రేకుల గదులు పోయి అక్కడ పెద్ద మేడలు లేచాయి. బయ్యారం పిల్ల నాతో పాటు నర్సు చదువు చదివి, ఇప్పుడు మహదేవపూర్ దవాఖానలో ఉంది. ఫోన్ చేస్తే మేం ఇప్పటికీ బెంచీ మీద మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటాం. పక్క క్వార్టర్ ఆమెకు కూడా మొన్న ఇంకోటి తెమ్మనే చెప్పాను.

ఆ కాలమంతటిలో నాకు ఎక్కువ గుర్తొచ్చేది ఒక మార్కెట్ రోజు. పసుపు పిట్ట వచ్చిన ఏడాదే. మిరపకాయల రాశుల మధ్య యాడి తొడిమెలు తీస్తోంది, నేను అన్నం డబ్బా తెచ్చి పక్కన కూర్చున్నాను. యాడి తండా రవిక తొడుక్కుని ఉంది. ఎదురుగా ఓనరమ్మ వచ్చింది, కొంగు ముక్కుకు పెట్టుకుని. మమ్మల్ని చూసి ఆగింది.

"పిట్ట ఉన్నదా, సచ్చిందా?"

"ఉన్నది."

"ఇంకా గా మాటలే మాట్లాడుతాందా?"

"లేదు" అన్నాను.

ఆమె మొహంలో తృప్తి కనబడింది. "మర్సిందా మరి?" అంది.

నేను లేచి నిలబడ్డాను. హమాలీలు, తూకం వేసేవాళ్ళు, రాశుల దగ్గరి ఆడవాళ్ళు అందరికీ వినబడేలా అన్నాను.

"ఇప్పుడు దాని మాట అది మాట్లాడుతాంది."

యాడి తల ఎత్తలేదు. ఆమె చేతులు మిరపకాయల్లోనే ఉన్నాయి. భుజాలు మాత్రం నవ్వుతో కదిలాయి. ఆమె రవిక అద్దాల వెలుగు ఎర్రటి రాశి మీదంతా పరుగెత్తింది.